తలకీ ఒంటికీ ఒకటే సబ్బు: పైనుంచి కిందకైతే పర్లేదు, కిందనుంచి పైకే చిక్కు

అమీర్‌పేట హాస్టల్లో ఉన్న రెండేళ్ళూ నా బకెట్లో ఉన్నది ఒకటే సబ్బు. ఒళ్ళు, మొహం, తల, ఒక్కోసారి బనియన్లు కూడా దాంతోనే. కోచింగ్‌కి వచ్చిన కుర్రాళ్ళం, ఎనిమిది మందికి ఒక బాత్రూం, పొద్దున్నే వెనకాల ఇద్దరు తలుపు బాదుతుంటే ఒంటికొకటి తలకొకటి అని వరసగా పెట్టుకుని స్నానం చేసేవాడెవడూ లేడక్కడ. నా జుట్టుకి పెద్దగా ఏమీ కాలేదు. కాస్త గడ్డిలా ఉండేది, అది హాస్టల్ తిండి వల్లేమో అనుకున్నాను. సెలవులకి ఇంటికెళ్ళి మా అక్కతో "షాంపూలన్నీ ఉత్త బిజినెస్సే, సబ్బుతో రుద్దుకుంటే చాలు, నన్ను చూడు" అని గొప్పలు పోయాను. అక్క జుట్టు నడుము దాకా ఉంటుంది. నా మాట నమ్మిందో, సరే చూద్దాం అనుకుందో, మూడు వారాలు సబ్బుతోనే తలకి పోసుకుంది. మూడో వారం చిక్కు తీసుకోడానికి కూర్చుంటే దువ్వెన పళ్ళు రెండు ఊడాయి. ఆ దువ్వెన సంగతి ఇప్పటికీ పండగకి ఒకసారైనా ఎత్తుతుంది.

ఇద్దరం ఒక తల్లి పిల్లలం, సబ్బు అదే, నాకు చెల్లిన పని అక్కకెందుకు బెడిసికొట్టింది? దీని గురించి కొంచెం కొంచెంగా చదువుతూ పోతే అర్థమైందేంటంటే, "తలకీ ఒంటికీ ఒకటే వాడొచ్చా" అన్న ప్రశ్నలోనే మూడు ముడులున్నాయి. "ఒకటే" అంటే ఏది, సబ్బా, షాంపూనా, మగవాళ్ళకని అమ్మే త్రీ-ఇన్-వన్ సీసానా? "తల" అంటే మాడా, జుట్టా? ఇంతకీ మీ ఇంట్లో వచ్చేవి ఏం నీళ్ళు? ఈ మూడూ విప్పకుండా అవునని చెప్పినా కాదని చెప్పినా సగం తప్పే.

మన మాటల్లోనే ఈ తేడా ఎప్పటినుంచో ఉంది, గమనించారా. ఇంట్లో పెద్దవాళ్ళు "స్నానం చేశావా" అని ఊరుకోరు, "తలకి పోసుకున్నావా, ఒంటికేనా" అని అడుగుతారు. తలంటు అని దానికో ప్రత్యేకమైన పేరు, దీపావళికీ భోగికీ దానికో తంతు. తలకి కుంకుడు రసం, ఒంటికి సున్నిపిండి. రెంటికీ ముందు నూనె మాత్రం ఒకటే. ఒకే బాత్రూంలో ఒకే పూట రెండు వేరే వస్తువులు వాడినవాళ్ళకి ఏదో లెక్క ఉండే ఉంటుంది కదా. ఆ లెక్క దగ్గరికి మళ్ళీ వస్తాను.

ముందు రెంటికీ ఉన్న పోలిక చెప్పుకోవాలి, ఎందుకంటే ఒకటే చాలు అనేవాళ్ళ వాదన గాలిలోంచి పుట్టలేదు. ఒంటి మీద జిడ్డు ఒట్టి నీళ్ళకి లొంగదు. సబ్బు అణువుకి ఒక కొస నీళ్ళని పట్టుకుంటుంది, రెండో కొస నూనెని పట్టుకుంటుంది, అలా జిడ్డుని ముక్కలు చేసి నీళ్ళతో పాటు లాక్కెళ్ళిపోతుంది. షాంపూ చేసేదీ ఇదే, బాడీ వాష్ చేసేదీ ఇదే, గిన్నెలు తోమే లిక్విడ్ చేసేదీ ఇదే. ఒక షాంపూ సీసా, ఒక బాడీ వాష్ సీసా పక్కపక్కన పెట్టి వెనకాల చిన్నక్షరాలు చదవండి, మొదటి నాలుగైదు పేర్లు చాలాసార్లు ఒకేలా ఉంటాయి: నీళ్ళు, సోడియం లారెత్ సల్ఫేట్, కోకమైడోప్రొపైల్ బీటైన్, సోడియం క్లోరైడ్. ఆ చివరిది మన వంటింటి ఉప్పే. చిక్కదనం కోసం వేస్తారు. చిక్కగా ఉంటే మంచి సరుకని మనం అనుకుంటాం, ఆ చిక్కదనంలో కొంత పుణ్యం ఉప్పుది.

అంటే మురికి వదిలించడం అనే పని వరకు తలకీ ఒంటికీ తేడా లేదు. తేడా అంతా మురికి వదిలాక ఏం మిగులుతుందన్న దగ్గర.

చర్మం బతికున్న వస్తువు. దాని పై పొర రెండు నుంచి నాలుగు వారాల్లో మొత్తం రాలిపోయి కిందనుంచి కొత్తది వస్తుంది. సబ్బు కాస్త ఎక్కువ రుద్ది పొడిబారినా, ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో తన నూనె తను పూసుకుని సర్దుకుంటుంది. జుట్టు అలా కాదు. కుదురు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ఒక్క కణం కూడా బతికుండదు. దానికి దెబ్బ తగిలితే మానదు, అలాగే ఉండిపోతుంది. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ లెక్కన నడుము దాకా, ఓ 80 సెంటీమీటర్ల జుట్టుంటే దాని కొసకి ఆరేళ్ళ పైనే వయసు. వారానికి రెండుసార్లు తలకి పోసుకుంటే ఆ కొస ఇప్పటికి 600 సార్లకి పైగా తడిసి, రుద్దుడు పడి, తువ్వాల్లో నలిగి, దువ్వెన కింద సాగింది. నా జుట్టు మూడు సెంటీమీటర్లు. దాని వయసు మూడు నెలలు. సబ్బు దాని మీద ఏం అఘాయిత్యం చేసినా, ఆ సంగతి బయటపడేలోపు సెలూన్ నేల మీద పడి ఉంటుంది. అక్కకీ నాకూ తేడా అదే. నేను ఏదో కనిపెట్టానని ఎగిరాను గానీ, నా జుట్టుకి పాడయ్యేంత ఆయుష్షే లేదు.

ఇక్కడ మాడుకీ జుట్టుకీ తేడా కూడా తేలిపోతుంది. మాడు చర్మమే. ఇంకా చెప్పాలంటే జిడ్డు గ్రంథులు బాగా ఒత్తుగా ఉండే చర్మం, మొహం లాగా. ఒంటికి పనికొచ్చే మృదువైన క్లెన్సర్ ఏదైనా మాడుకీ పనికొస్తుంది. పేచీ అంతా మాడు నుంచి కిందకి వేలాడే దారంతోనే.

దారం అనే ఎందుకన్నానంటే, జుట్టు చర్మం కంటే పట్టుచీరకి దగ్గర. జుట్టులో ఉండేది కెరటిన్, పట్టులో ఉండేది ఫైబ్రోయిన్, రెండూ ప్రోటీనే, రెండూ ప్రాణం లేని పోగులే. ఇప్పుడు కుంకుడుకాయ దగ్గరికి వద్దాం. మన ఇళ్ళల్లో కుంకుడు రసం దేనికి వాడేవాళ్ళు? తలకి, పట్టుచీరలకి, బంగారు గొలుసులకి. ఒంటికి మాత్రం వాడే అలవాటు పెద్దగా లేదు. నూలు బట్టలకి బట్టల సబ్బు, పట్టుకి కుంకుడు. ఎవరూ కెమిస్ట్రీ చదివి పెట్టిన ఏర్పాటు కాదిది, కానీ పోగుని పోగులా చూసుకోవాలని చేతికి తెలిసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు. మా అమ్మమ్మ తన పెళ్ళి చీర మీద బట్టల సబ్బు పడనిచ్చేది కాదు. మనం మాత్రం అలాంటి పోగునే నెత్తిన పెట్టుకుని దాని మీద సబ్బుబిళ్ళ అరగదీస్తాం.

సబ్బుతో అంత గొడవేంటి అంటే, రెండు. మొదటిది పీహెచ్, అంటే పులుపు ఎంత, క్షారం ఎంత అని చూసే కొలత. ఈ మాట ప్రకటనల్లో విని విని అరిగిపోయింది గానీ విషయం సీరియస్సే. చర్మం మీద పీహెచ్ 5కి కాస్త అటూ ఇటూ, అంటే కొంచెం పులుపు వైపు. అసలైన సబ్బు, అంటే నూనెని కాస్టిక్ సోడాతో కలిపి చేసేది, 9 నుంచి 10 దాకా ఉంటుంది. నాలుగైదు అంకెలే కదా అనిపిస్తుంది, కానీ ఈ కొలతలో ఒక్కో అంకెకి పది రెట్లు. 5కీ 9కీ మధ్య పది వేల రెట్ల దూరం. వెంట్రుక మీద గూన పెంకుల ఇంటి కప్పు లాగా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉండే సన్నని పొలుసులుంటాయి, వాటి పైన నీటిని జార్చే ఒక పల్చటి కొవ్వు పొర ఉంటుంది. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బుతుంది, పెంకులు లేస్తాయి, వెంట్రుకల మీద రుణావేశం (నెగటివ్ ఛార్జ్) పెరిగి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, లేచిన పెంకులు ఒకదానికొకటి తగులుకుంటాయి. దీన్నే మనం ఇంటి భాషలో చిక్కు అంటాం. ఆ కొవ్వు పొర ఒకసారి ఊడితే మళ్ళీ మొలవదు. రంగు వేసుకున్న జుట్టైతే లేచిన పెంకుల సందుల్లోంచి రంగు కూడా తొందరగా జారిపోతుంది, డబ్బులు నీళ్ళపాలు అనే మాట ఇక్కడ ఉన్నదున్నట్టు నిజం.

షాంపూ అని పేరున్నంత మాత్రాన అన్నీ బుద్ధిమంతులేం కావు. 2014లో బ్రెజిల్‌లో కొందరు డాక్టర్లు 123 షాంపూల పీహెచ్ కొలిచి చూస్తే 3.5 నుంచి 9 దాకా వచ్చింది, 5.5 లోపు ఉన్నవి 38 శాతమే. కాకపోతే షాంపూని కావాలంటే 5కి దించొచ్చు, సబ్బుని దించలేం. సబ్బులో పులుపు కలుపుతూ పోతే అది విడిపోయి మళ్ళీ కొవ్వు ఆమ్లం అయిపోతుంది, నురగ పోయి తెల్లటి ముద్ద మిగులుతుంది. అందుకే "చేత్తో చేసిన సబ్బు, పీహెచ్ 5.5" అని ఎవరైనా అమ్ముతుంటే రెండిట్లో ఒకటి అబద్ధం: అది సబ్బైనా కాకపోవాలి, ఆ అంకె అయినా తప్పవ్వాలి.

రెండో గొడవ నీళ్ళది, నా లెక్కలో ఇదే పెద్దది, దీని గురించే ఎవరూ మాట్లాడరు. బోరు నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. సబ్బు వీటితో కలిస్తే నీళ్ళల్లో కరగని ఒక జిగట పదార్థం తయారవుతుంది. బకెట్ అంచుకి తెల్లగా పేరుకుంటుందే, ఆ తెట్టు. బకెట్‌కి పట్టేది తలకి పట్టదా? స్నానం అయ్యాక జుట్టు పిసికితే కీచుమంటుంది, శుభ్రమైపోయింది అనుకుంటాం, ఆరాక చూస్తే కొబ్బరి పీచు. అది శుభ్రం కాదు, జుట్టు మీద సున్నం లాంటి పూత. తాగే నీళ్ళకి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియంల లెక్క, లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. మన జిల్లాల్లో చాలా బోర్లు ఆ పై అంకె వైపే చూస్తుంటాయి. మీ నీళ్ళ సంగతి తెలియాలంటే ల్యాబుకి పంపక్కర్లేదు. పప్పు ఉడకడానికి ఎన్ని విజిళ్ళు పడుతున్నాయో, గీజర్ రాడ్ మీద ఎంత పెచ్చు కట్టిందో చూస్తే చాలు. హైదరాబాదులోనే మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చే ఇంట్లో ఒక రకం, వీధి చివర బోరు మీద బతికే అపార్ట్‌మెంట్‌లో ఇంకో రకం. ఊరు మారాక జుట్టు రాలుతోంది, గడ్డిలా అయింది అని టెన్షన్ పడేవాళ్ళు ముందు చూడాల్సింది నీళ్ళని.

షాంపూల్లో వాడే సింథటిక్ క్లెన్సర్లు కాల్షియంతో ఇలా గడ్డకట్టవు. కుంకుడులో నురగనిచ్చే సపోనిన్లూ గడ్డకట్టవు. పైగా కుంకుడు రసం కాస్త పులుపు వైపే ఉంటుంది. బోరు నీళ్ళల్లోనూ, పట్టు మీదా, జుట్టు మీదా పని చేయడానికి ఇదే కారణం. అందులో మందారాకు నలిపి వేస్తే దాని జిగురు వెంట్రుకల మీద పల్చగా పూత పడి దువ్వెన జారుతుంది, కొందరు గంజి కలుపుతారు, అదీ అంతే. అంటే శుభ్రం చేసేది ఒకటి, నునుపు చేసేది ఒకటి, రెండూ కలిపి ఒకే గిన్నెలో. టూ-ఇన్-వన్ అని కంపెనీలు పేరు పెట్టక ముందే మన పెరట్లో జరిగిన పని. అలాగని పాతదంతా బంగారం అనను. కుంకుళ్ళు రాత్రి నానబెట్టాలి, పొద్దున్నే గింజలు తీసి పిసకాలి, వడకట్టాలి, కళ్ళల్లో పడితే నరకం కనిపిస్తుంది. మా ఇంట్లో పిల్లల కళ్ళు మండినప్పుడు నోట్లో ఉప్పు రాయి పెట్టేవాళ్ళు. మంట తగ్గేదని చెప్పను గానీ ఏడుపు మాత్రం ఆగేది.

మరి కంపెనీల టూ-ఇన్-వన్ ఎలా పనిచేస్తుంది? మురికిని పట్టుకెళ్ళేదాన్నీ, పూత వేసేదాన్నీ ఒకే సీసాలో పెడితే మొదటిది రెండోదాన్ని కూడా కడిగేయాలి కదా. 1980ల చివర్లో ప్రొక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ పెర్ట్ ప్లస్ అనే షాంపూతో ఈ చిక్కుని దాటింది. సన్నటి సిలికాన్ బొట్లని షాంపూలో వేలాడేలా చేసి, నీళ్ళు పోసినప్పుడు అవి జుట్టు మీద మిగిలిపోయేలా చూసింది. ఇప్పుడు చాలా షాంపూల్లో ఇంకో ఉపాయం కూడా ఉంది. ధనావేశం (పాజిటివ్ ఛార్జ్) ఉన్న ఒక పాలిమర్, అంటే పొడుగాటి గొలుసు లాంటి అణువు, వేస్తారు, సీసాలో చిక్కగా ఉన్నంతసేపూ అది క్లెన్సర్‌తో కలిసి కరిగి ఉంటుంది, మనం చెంబు మీద చెంబు నీళ్ళు పోస్తుంటే పల్చబడి విడిపోయి, రుణావేశం ఉన్న వెంట్రుకకి పోయి అతుక్కుంటుంది. అంటే కడుగుతున్నప్పుడే పూత పడుతుంది. తెలివైన పనే. ఈ పాలిమర్లలో బాగా వాడే ఒకదాని పేరు లేబుల్ మీద గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్ ట్రైమోనియం క్లోరైడ్ అని పలకలేనంత పొడుగ్గా ఉంటుంది. గ్వార్ అంటే గోరుచిక్కుడు. మనం కొబ్బరేసి వేపుడు చేసుకునే గోరుచిక్కుడు గింజల్లోని జిగురే దాని మూలం.

ఇక మగవాళ్ళ త్రీ-ఇన్-వన్. జుట్టు, మొహం, ఒళ్ళు, అన్నిటికీ ఒకటే అని నల్ల సీసాలో అమ్ముతారు. విప్పి చూస్తే అది దాదాపుగా ఒక మామూలు షాంపూ. సెంటు మారింది, పూత వేసే సరుకు కాస్త తగ్గింది. ఎందుకు తగ్గించాలంటే, వెంట్రుకలకి నచ్చే ఆ పూత ఒంటికి నచ్చదు, ఎంత కడిగినా ఇంకా జారుతున్నట్టే అనిపిస్తుంది. అందుకని పొట్టి జుట్టుకి సరిపోయేంత, ఒంటికి జిగటగా అనిపించనంత, మధ్యలో ఎక్కడో ఆపుతారు. రెండు అంగుళాల జుట్టున్నవాడికి అది హాయిగా చాలు. భుజాలు దాటిన జుట్టుకి చాలదు, ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా. మగవాళ్ళ సరుకని రాయడం వెనకున్నది శరీర శాస్త్రం కాదు, మగవాళ్ళలో ఎక్కువమందికి పొట్టి జుట్టు ఉంటుందన్న లెక్క, బాత్రూంలో ఎక్కువ ఆలోచించడం ఇష్టం లేనివాళ్ళన్న ఇంకో లెక్క.

అన్నిటికీ ఒకటే అనే పేరుని జెండాలా ఎత్తినవాళ్ళు అమెరికాలో ఉన్నారు, డాక్టర్ బ్రానర్స్ అనే కంపెనీ. 1858 నుంచి సబ్బులు చేసిన జర్మన్ యూదు కుటుంబంలో పుట్టిన ఇమాన్యుయేల్ బ్రానర్ 1929లో అమెరికా వెళ్ళి, 1948లో దీన్ని మొదలుపెట్టాడు. సీసా నిండా చీమల్లాంటి అక్షరాలతో ప్రపంచమంతా ఒక్కటే అనే బోధ, మధ్యలో ఈ లిక్విడ్ సబ్బుతో 18 పనులు చేసుకోవచ్చన్న మాట. ఒళ్ళు, జుట్టు, గిన్నెలు, నేల, అన్నీ. కానీ అది అచ్చమైన సబ్బు, పీహెచ్ 9 దగ్గర ఉంటుంది. అందుకని ఆ కంపెనీయే జుట్టు కడుక్కున్నాక పోసుకోడానికి నిమ్మజాతి పులుపుతో చేసిన రిన్స్ ఒకటి విడిగా తయారు చేసి అమ్మింది. పద్దెనిమిది పనులు ఒకదాంతో చేయగలిగినవాళ్ళకి కూడా జుట్టు దగ్గరికొచ్చేసరికి రెండో సీసా కావాల్సొచ్చింది. వాళ్ళని ఎగతాళి చేయడం లేదు, ఉన్న సంగతి దాచకుండా చెప్పారు కాబట్టి నాకు గౌరవమే.

ఇప్పుడు విషయం ఒక కొలిక్కి వస్తోంది. ఒకటే వాడాలనుకుంటే ఆ ఒకటి పైనుంచి కిందకి రావాలి, కిందనుంచి పైకి ఎక్కకూడదు. షాంపూతో ఒళ్ళు రుద్దుకుంటే ప్రాణం మీదకేం రాదు, సబ్బుతో పొడుగు జుట్టు రుద్దితే నష్టం. చలికాలంలో షాంపూతో కాళ్ళు కాస్త పొడిబారతాయి, కొబ్బరి నూనె రాసుకుంటే పోతుంది, ఖర్చూ సబ్బు కంటే ఎక్కువే. వీపు మీద మొటిమలు వచ్చే తత్వం ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలి. జుట్టు మీద మిగలడానికి చేసిన పూత వీపు మీదా, నుదుటి అంచు మీదా మిగిలితే రంధ్రాలు మూసుకుని మొటిమలు లేస్తాయి. చర్మ డాక్టర్లు ఇలాంటివాళ్ళని ముందు తల కడిగేసుకుని, జుట్టు పైకి ముడేసి, చివర్లో వీపు కడుక్కోమంటారు. పైసా ఖర్చు లేని సలహా.

షాంపూ ఒంటికి దిగడం డాక్టర్లే చెప్పే సందర్భం ఒకటుంది. శోభి మచ్చలు తెలుసు కదా, ఛాతీ మీదా మెడ మీదా చెమట పట్టే చోట పాలిపోయిన మచ్చలు. వాటికి కారణం మలసేజియా అనే ఈస్ట్ కుటుంబం, తలలో చుండ్రుకి మూలమైనదీ అదే కుటుంబం. అందుకే చుండ్రుకి రాసే, కీటోకొనజోల్ అనే మందున్న షాంపూనే ఒంటి మీద మచ్చలకి రాసి, ఐదు నిమిషాలుంచి కడుక్కోమని కొన్ని రోజులకి రాసిస్తారు. ఆ ఐదు నిమిషాలు ముఖ్యం. చుండ్రు షాంపూ పనిచేయడం లేదనేవాళ్ళలో చాలామంది రుద్దిన వెంటనే నీళ్ళు పోసేసుకుంటారు, మందుకి పని చేసే టైమే ఇవ్వరు. చుండ్రు ఉన్నవాళ్ళకి మామూలు త్రీ-ఇన్-వన్ సరిపోదు, అది మందు కాదు.

చిన్నపిల్లల సీసాల మీద తల నుంచి కాలిదాకా ఒకటే అని రాసి ఉంటుంది, అక్కడ ఆ మాట నిజంగా చెల్లుతుంది. పసివాళ్ళ తల మీద ఉండేది జుట్టు కాదు నూగు, చిక్కు పడేంత పొడుగు ఉండదు, కావాల్సింది మెత్తగా ఉండి కళ్ళు మండనిది. పెద్దయ్యాక చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళు కూడా ఇలాంటిది ఒకటి పెట్టుకుని రెంటికీ వాడుకోవచ్చు, పొడుగు జుట్టైతే వెనకాల కండిషనర్ తగిలించుకుని.

కొనేటప్పుడు ఏం చూడాలి? ముందు భాగం మీది బొమ్మలు వదిలేసి వెనక్కి తిప్పండి. సోడియం పామేట్, సోడియం పామ్ కర్నెలేట్, సోడియం కోకోయేట్ లాంటి పేర్లు మొదట్లో ఉంటే అది అచ్చమైన సబ్బు, తలకి పనికిరాదు, దాని పేరు శీకాయ సబ్బైనా సరే. సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ మొదట్లో ఉంటే అది సబ్బు ఆకారంలో ఉన్న సింథటిక్ బిళ్ళ, తల దాకా తీసుకెళ్ళొచ్చు. కోకోయేట్, కోకోయిల్, ఒక్క అక్షరం పోతే మనిషి మారిపోయే రకం, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. టీఎఫ్ఎం 76 శాతం ఉంటే మొదటి రకం సబ్బు కాబట్టి తలకీ మంచిదే అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. టీఎఫ్ఎం అంటే అందులో కొవ్వు పదార్థం ఎంత ఉందన్న లెక్క మాత్రమే. ఎక్కువుంటే నాసి సరుకు తక్కువ కలిపారని అర్థం, పీహెచ్ తగ్గిందని కాదు. ఇంకో తమాషా, సల్ఫేట్ లేదు అని రాస్తే మృదువైనదని నమ్మేస్తాం. చవకబారు సబ్బుబిళ్ళలోనూ సల్ఫేట్ ఉండదు.

సబ్బు తప్ప ఇంట్లో ఇంకేం లేని రోజు, లేదా సబ్బే వాడతానని పట్టుబట్టేవాళ్ళు, చివర్లో ఒక మగ్గు నీళ్ళల్లో చెంచాడు వెనిగర్ కలిపి తల మీద పోసుకుని, మళ్ళీ మామూలు నీళ్ళతో కడిగేసుకుంటే చాలావరకు నయం. పులుపు ఆ తెట్టుని విడగొడుతుంది, లేచిన పెంకుల్ని కూర్చోబెడుతుంది. నిమ్మరసమైనా పర్లేదు గానీ బాగా కడగాలి. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండలోకెళ్తే నల్లగా కమిలే ప్రమాదం ఉంది.

పోయినేడు అక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమల వెళ్ళాం. మొక్కు వాడిది, ఊపులో నేనూ కళ్యాణకట్టలో కూర్చుని గుండు చేయించుకున్నాను. రూముకొచ్చి ఒకటే సబ్బుబిళ్ళతో నెత్తి మీద మొదలుపెట్టి ఆపకుండా అరికాళ్ళ దాకా వచ్చేశాను. జుట్టు లేని తల చర్మమే కదా, ఏ శాస్త్రం అడ్డం రాదు. స్నానం చేసి గంధం పూసుకుని బయటికొచ్చి అక్కకి కూడా అదే చెప్పాను. తర్వాత రెండు నెలలు బోరు నీళ్ళల్లోనూ సబ్బుతోనే నడిచింది. మూడో నెల దాటేసరికి పొద్దున్నే అద్దంలో కొబ్బరి పీచు మొలకెత్తడం కనిపించింది. దసరాకి ఇంటికెళ్తే అక్క నా తల మీద ఒకసారి చెయ్యి వేసి చూసింది, ఏమీ అనలేదు, తిరిగొచ్చేటప్పుడు కిరాణా కొట్లో వేలాడే షాంపూ ప్యాకెట్ల దండ ఒకటి, ఒక దువ్వెన నా బ్యాగులో పడేసింది.